మూడో మనిషి వచ్చాక

మిత్రులారా, సమాజ శాస్త్రం అనగానే మతం, వర్గం, రాజ్యం లాంటి పెద్ద పెద్ద మాటలే గుర్తుకొస్తాయి. ఒక గదిలో పట్టేంత మంది దగ్గర చూడటానికి ఏముంటుందిలే అనుకుంటాం. నన్నడిగితే అసలు తమాషా అంతా అక్కడే ఉంది. ఒక్క మనిషి ఎక్కువైనా, తక్కువైనా ఆ గదిలో సంబంధాలన్నీ మారిపోతాయి.

జర్మన్ శాస్త్రవేత్త జార్జ్ సిమ్మెల్ 1908లోనే ఈ సంగతి పట్టుకున్నారు. ఇద్దరే ఉన్నచోట ఒకరు లేచి వెళ్లిపోతే ఇక సమూహమే ఉండదు. అది ఇద్దరికీ తెలుసు కాబట్టి బాధ్యత పక్కవాళ్ల మీదకు నెట్టడం కుదరదు. మూడో మనిషి వచ్చాడంటే కథ వేరు. అతను ఆ ఇద్దరికీ రాజీ కుదర్చొచ్చు, వాళ్లు కొట్టుకుంటుంటే తను లాభపడొచ్చు, ఆ లాభం కోసం తనే తగాదా పెట్టొచ్చు. ఒకరి మీద ఇద్దరు ఒకటయ్యే వీలు కూడా అప్పుడే వస్తుంది. ముగ్గురు నలుగురైతే మళ్లీ ఇంత మార్పు రాదంటారాయన.

ఇప్పుడు 14 మంది ఉన్న ఒక గదిలోకి వెళ్దాం. షికాగో పక్కన సిసెరోలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ హాథార్న్ ఫ్యాక్టరీ, 1931-32. టెలిఫోన్ ఎక్స్ఛేంజి పరికరాలకు వైర్లు బిగించేవాళ్లు తొమ్మిదిమంది, టంకం పెట్టేవాళ్లు ముగ్గురు, ఇన్‌స్పెక్టర్లు ఇద్దరు. 14 మంది అంటే వాళ్ల మధ్య 91 జంటలు! గదిలో ఒక పరిశీలకుడు కూర్చుని అంతా రాసుకునేవాడు. జీతం గ్రూపు మొత్తం చేసిన పనిని బట్టి వచ్చేది. అంటే ఎంత ఎక్కువ చేస్తే అందరికీ అంత లాభం. కానీ వాళ్లు రోజుకింత చాలని తమలో తామే ఒక హద్దు పెట్టుకున్నారు. హద్దు దాటి పనిచేసేవాణ్ణి ఎగతాళి చేసేవాళ్లు, దగ్గరికొచ్చి జబ్బ మీద పిడికిలితో ఒక్కటిచ్చేవాళ్లు. మరీ తక్కువ చేసినా ఊరుకునేవాళ్లు కాదు. పైవాళ్లకు చాడీలు చెప్పడం అన్నిటికన్నా పెద్ద తప్పు. పని ఎక్కువైతే కంపెనీ ఒక్కో పనికిచ్చే రేటు తగ్గిస్తుందేమోనన్న భయమే దీనికి కారణమని కొందరంటారు. నాకైతే అదొక్కటే సరిపోదనిపిస్తుంది. ఎందుకంటే ఆ 14 మందిలోనే రెండు ముఠాలు ఏర్పడ్డాయి, ఒకటి గది ముందు వైపు, ఇంకొకటి వెనక వైపు. రేటు భయం అందరికీ ఒకటే అయినప్పుడు ఈ చీలిక ఎక్కణ్ణుంచి వచ్చింది?

హార్వర్డ్ యూనివర్సిటీలో రాబర్ట్ బేల్స్ అనే సమాజ శాస్త్రవేత్త చిన్న గుంపుల చర్చల్లో ఎవరెంత మాట్లాడుతున్నారో లెక్కగట్టారు. గుంపు పెరిగేకొద్దీ అందరికన్నా ఎక్కువ మాట్లాడే మనిషికీ మిగతావాళ్లకూ మధ్య దూరం పెరుగుతుంది. మీటింగుల్లో కూర్చున్నవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

చివరిగా సాల్మన్ యాష్. సైకాలజీ వాళ్లు ఆయన మావాడంటారు, అననివ్వండి. ఇచ్చిన గీతకు సమానమైన గీత ఏదో చెప్పాలి, అంతే. గదిలో ఒక్కరు తప్ప మిగతావాళ్లంతా ముందే మాట్లాడిపెట్టుకుని తప్పు జవాబు చెప్తారు. ఎదురుగా ఒక్కరే ఉంటే ఆ ఒంటరి మనిషి దాదాపు తొణకడు. ముగ్గురైతే మాత్రం దాదాపు మూడో వంతు సార్లు వాళ్ల తప్పునే తనూ చెప్తాడు. అక్కణ్ణుంచి ఎంతమందిని కూర్చోబెట్టినా పెద్ద తేడా ఉండదు. అతనికి నిజం చెప్పే తోడు ఒక్కరు దొరికితే ఆ తప్పులు చాలావరకు తగ్గిపోతాయి.

ఆ తోడు మధ్యలో పోతే? యాష్ దీన్ని రెండు రకాలుగా చేసి చూశారు. తోడు మెజారిటీ వైపు తిరిగిపోయినప్పుడు తప్పులు ఒక్కసారిగా పెరిగాయి. కాలేజీ డీన్‌ని కలవాలంటూ లేచి బయటికి వెళ్లిపోయినప్పుడు మాత్రం అంతగా పెరగలేదు. రెండుసార్లూ అతను మిగిలింది ఒంటరిగానే. సిమ్మెల్‌లా తలలు లెక్కపెడితే ఈ తేడా తేలదు. దీని మీద మీరేమంటారో వినాలనుంది, చెప్పండి.