శని, ఆదివారాల మనవళ్లు

(అక్టోబరు 1, అంతర్జాతీయ వృద్ధుల దినోత్సవం నాడు కర్నూలులో జరిగిన సీనియర్ సిటిజన్ల సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీది పెద్దలకు, నా ఈడు అన్నలకు, అక్కలకు, వెనక కుర్చీల్లో కూర్చున్న కొడుకులకు, కోడళ్లకు, కూతుళ్లకు, అల్లుళ్లకు నమస్కారం.

నాకిచ్చిన అంశం వృద్ధాప్యంలో ఆరోగ్యం. బీపీ, షుగర్ గురించి డాక్టరు గారు వివరంగా చెప్పినారు. దానికి నేను కలిపేది ఏమీ లేదు. ఈ తేదీకి మన ఊళ్లో ఇంకో విశేషం ఉంది. 1953లో ఇదే అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. ఆఫీసులకు కట్టడాలు చాలక గుడారాలు వేసి నడిపినారని మా నాయన చెప్పేవాడు. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు పోయింది. ఆ తర్వాత మన పిల్లలు కూడా చదువులకని, ఉద్యోగాలకని ఒక్కొక్కరే అక్కడికే పోయినారు. వాళ్లు తమ పిల్లల్ని వెంటబెట్టుకొని మన ఇంటికి వచ్చే ఆ రెండు రోజుల గురించి మాట్లాడాలని నేనీ పొద్దు మైకు ముందుకు వచ్చినాను. అధ్యక్షుల వారు అనుమతించాలి.

ఆ రెండు రోజులు ఎట్లుంటాయో మీకు తెలియంది కాదు. శుక్రవారం ఆఫీసు అయినాక బయలుదేరితే 200 కిలోమీటర్లకు పైన దారి. ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి దాటుతుంది. పిల్లలు కారులోనే నిద్రపోయి ఉంటారు, భుజాన వేసుకొని తెచ్చి పడుకోబెడతాం. వాళ్ల అవ్వ బుధవారం నుంచీ పనిలోనే ఉంటుంది. పరుపులు ఎండేయాల, నిప్పట్లు కాల్చాల, ఓళిగలకు పూర్ణం రుబ్బాల. మోకాళ్ల నొప్పి సంగతి ఆ నాలుగు రోజులూ ఎవరికీ చెప్పదు. శనివారం తెల్లారేసరికి కొడుకు ఫోనులో ప్లాన్ రెడీగా ఉంటుంది. పొద్దున కొండారెడ్డి బురుజు, ఆ తర్వాత ఓర్వకల్లు రాళ్ల తోట, మధ్యాహ్నానికి బెలుం గుహలు, వస్తా వస్తా యాగంటి. ఆదివారం బంధువుల ఇంట గృహప్రవేశం. అక్కడే భోంచేసి, ట్రాఫిక్ మొదలుకాక ముందే హైదరాబాదు చేరాలని రెండు గంటలకు కారెక్కుతారు. అవ్వ చేసిన ఓళిగలు డబ్బాలో పోతాయి. అవ్వతో కూర్చొని తిన్న పిల్లవాడు ఉండడు.

బెలుం గుహలు చూడొద్దని నేననను. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహలు మన సీమలో ఉండడం మనకు గర్వం. పిల్లలు చూడాల్సిందే. కానీ అవి లక్షల ఏండ్లుగా అక్కడే ఉన్నాయి, ఇకముందూ ఉంటాయి. అవ్వ, తాత అట్లా ఉండరు గదా!

ఇక్కడొక సంగతి చెబుతాను. దీనికోసమే వచ్చినానని అనుకున్నా సరే.

రేపు అక్టోబరు 2. 2009లో ఆ రోజు ఈ ఊళ్లో ఉన్నవాళ్లు చేతులెత్తండి. చూడండి, హాలులో సగానికి పైనే లేచినాయి. నేను కాలువల శాఖలో పని చేసినవాణ్ణి. సుంకేసుల ఆనకట్ట దగ్గర, కేసీ (కర్నూలు-కడప) కెనాల్ గట్ల మీద నా సర్వీసంతా గడిచింది. తుంగభద్ర కోపం ఎట్లుంటుందో తెలుసు అనుకునేవాణ్ణి. ఆ పొద్దు పైనుంచి తుంగభద్ర, పక్కనుంచి హంద్రీ, కింద శ్రీశైలం వెనక నీళ్లు, అన్నీ కలిసి ఒక్కసారే పెరిగినాయి. శ్రీశైలం డ్యాముకు 25 లక్షల క్యూసెక్కుల దాకా వరద వచ్చిన రోజులవి. మా ఇల్లు పాత ఊళ్లో. వాకిట్లోకి నీళ్లు వచ్చినాయని చూసేలోపల మోకాళ్ల దాకా వచ్చినాయి. పక్కింటి సాయిబుల మిద్దె మీదికి ఎక్కినాం. వాళ్లు మా కోసం చోటు చేసి, ఉన్న ఒక్క దుప్పటి మా ఆవిడకు కప్పినారు. ఆకాశంలో హెలికాప్టర్లు అన్నం పొట్లాలు వేసినాయి. నీళ్లు తీసినాక ఇంట్లో ఒండ్రు మట్టి, పెళ్లి ఫోటోలన్నీ ముద్ద. ఆ నీళ్లు నిలిచిన గీత మా వెనక గదిలో ఇప్పటికీ ఉంది. రంగులు వేసినప్పుడు ఆ ఒక్క గోడ జోలికి పోవద్దని చెప్పినాను.

మొన్నామధ్య వచ్చినప్పుడు మా మనవరాలు ఆ గీత చూసింది. తొమ్మిదేళ్ల పిల్ల. "తాతా, ఈ గీత ఏంటి?" అంది. నేను గోడకు ఆనుకొని నిలబడి, నీళ్లు నా నెత్తి కంటే ఎంత పైన ఉన్నాయో చేత్తో చూపించినాను. పిల్ల నోరు తెరిచి కూర్చుండిపోయింది. మిద్దె ఎక్కిన కాడికి వచ్చినానో లేదో, బయట హారన్ మోగింది. గుహలకు టైమవుతుందని. కత అక్కడికే ఆగింది. కారులో వాళ్ల చేతుల్లో ఫోన్లు, నా పక్కన టిఫిన్ సంచి.

ఆదివారం కారెక్కే ముందు ఆ పిల్లే తిరిగి వచ్చి వాళ్ల అవ్వ పక్కన కూర్చుంది. "అవ్వా, నీళ్లు వచ్చినప్పుడు నువ్వు ఏం తీసుకొని పైకెక్కినావు?" అని అడిగింది. నేను ఇన్నేండ్లలో ఎవరూ ఆమెను ఆ మాట అడగ్గా వినలేదు. ఆవిడ ఓళిగల డబ్బాకు మూత పెడుతూనే చెప్పింది. "మీ నాయన సర్టిఫికెట్లమ్మా. బీరువాలో ఉండె. ప్లాస్టిక్ కవర్లో చుట్టి రవికెలో పెట్టుకున్నా. బంగారం తర్వాత యాదికొచ్చె, అప్పటికి నీళ్లు నడుముల దాకా ఉండె."

మా వాడు కారు తాళాలు చేత పట్టుకొని గడపలో నిలబడి ఉన్నాడు. వరద వచ్చిన పొద్దు వాడు హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటున్నాడు, ఫోన్లు కలవక రెండు రోజులు అల్లాడిపోయినాడు. ఆ సర్టిఫికెట్లతోనే ఉద్యోగం వచ్చింది. అవి ఎట్లా తడవకుండా మిగిలినాయో వానికి ఆ నిమిషం దాకా తెలియదు. వాడు చెప్పులు విడిచి లోపలికి వచ్చి వాళ్ల అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. అప్పుడు రెండు గంటలు. వాళ్లు ఇల్లు కదిలింది చీకటి పడినాకే. మా ఆవిడ బొరుగులు నానేసి ఉగ్గాని చేసింది. పిల్లలిద్దరూ బొరుగులు పిండినారు, పప్పుల పొడి చల్లినారు, సగం నేల మీద పోసినారు. చిన్నోడు బజ్జీ కారానికి ఏడ్చి, ఇంకోటి అడిగినాడు. ఏ ఊరూ చూడని ఆ సాయంత్రం గురించి పాప ఇప్పటికీ ఫోనులో అడుగుతుంది.

వెనక కూర్చున్న నాయనలారా, అమ్మలారా, మీకు సెలవు దొరకదని, ఈఎంఐలు ఉన్నాయని మాకు తెలుసు. మీరు రావడమే గొప్ప అని మీ అమ్మ ఎవరితోనైనా చెబుతుంది. నేను అడిగేది తక్కువ. ఆ రెండు రోజుల్లో ఒక పూట ఏ ప్లానూ పెట్టొద్దు. పిల్లల్ని మా దగ్గర ఊరికే వదిలిపెట్టండి. విసుగొస్తే రానీయండి. విసుగు పుట్టినప్పుడే గోడ మీద గీతలు కనబడతాయి.

అన్నా, అక్కా, మీకూ ఒక మాట. వాళ్లు వచ్చినప్పుడు వంటింట్లోనే ఉండిపోవద్దండి. నాలుగు కూరలు వద్దు, జొన్నరొట్టె, పప్పు చాలు. ఆ మిగిలిన పొద్దు పిల్లల పక్కన కూర్చోండి. మీరు చూసిన వరద, మీరు చూసిన కరువు, గంజి కేంద్రాలు, మీ బడి, మీ చేను వాళ్లకు చెప్పేదానికి వేరే మనిషి లేడు.

అధ్యక్షుల వారు చీటీ పంపినారు, ముగిస్తాను. దసరా సెలవులు వస్తున్నాయి. పిల్లల్ని నాలుగు రోజులు ఉంచి పొమ్మని ఈ రాత్రే ఫోన్ చేసి అడగండి. వాళ్లొచ్చినాక ఒక సాయంత్రం ఈ హాలుకే తీసుకురండి. కమిటీ వాళ్లతో మాట్లాడినాను, కుర్చీలు, టీ వాళ్లే చూస్తామన్నారు. 2009లో మీరు ఏ మిద్దె ఎక్కినారో, చేతిలో ఏముండెనో ఒక్కొక్కరు ఐదు నిమిషాలు చెప్పండి. పిల్లలు ఏది అడిగినా జవాబు చెబుదాం. వచ్చేవాళ్లు పోయే ముందు కార్యదర్శి గారి దగ్గర పేర్లు రాయించండి. సెలవు.