మన చర్చి చరిత్రలో ఆనందరాయర్ ఎక్కడ?

పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు వందనాలు.

విశాఖ మెథడిస్టుల చరిత్ర గురించి మాట్లాడమన్నారు. నేను వన్‌టౌన్ నుంచి మొదలుపెడతాను. మెథడిస్టులు తెలుగు నేల మీద అడుగుపెట్టడానికి చాలా ముందే అక్కడ తెలుగు బైబిలు పని మొదలైంది. అందులో చెయ్యి వేసినవాడే ఆనందరాయర్.

తెలుగువాళ్లలో మెథడిస్టు సేవ ఎక్కువగా నిజాం రాజ్యంలో పెరిగింది. హైదరాబాదులో అమెరికా మెథడిస్టులు, సికింద్రాబాదు, మెదక్‌లలో వెస్లియన్లు అనే ఇంగ్లండు మెథడిస్టులు పనిచేశారు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ చర్చి వెస్లియన్లదే. 1947లో కొన్ని శాఖలు ఏకమై సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) ఏర్పడినప్పుడు వాళ్లు అందులో కలిశారు, అమెరికా శాఖ విడిగా ఉండిపోయింది. మన తీరమేమో మొదట లండన్ మిషన్‌ది, ఆ తర్వాత కెనడా బాప్టిస్టులది. ఒకరు పనిచేసే చోటికి ఇంకొకరు వెళ్లకూడదని మిషన్ల మధ్య ఒక అవగాహన ఉండేది. ఇక్కడి పాత చర్చిల కథల్లో మెథడిస్టు పేరు తక్కువగా కనిపించేది అందుకే.

అయినా ఆదివారం మెథడిస్టు పాస్టరుగారు చదివే తెలుగు వాక్యానికి విశాఖతో సంబంధం ఉంది. 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ అనే ఇద్దరు లండన్ మిషన్ వాళ్లు ఇక్కడికి వచ్చారు. తెలుగు నేర్చుకుంటూనే సువార్తల అనువాదానికి పూనుకున్నారు. 1809లో క్రాన్ పోయారు, మరుసటి ఏడాది డెగ్రాంజ్ కూడా పోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇంత కష్టపడి ఆ పుస్తకాన్ని ఇద్దరిలో ఒక్కరూ చేత్తో పట్టుకోలేకపోయారు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

వాళ్ల పక్కన కూర్చుని పనిచేసిన మూడో మనిషి ఆనందరాయర్. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి క్రీస్తును నమ్మినవాడు. నాలుగైదేళ్ల కిందట ఓడ దిగిన దొరలకు మన భాషలో ఏ మాట అతుకుతుందో, ఏది ఎబ్బెట్టుగా ఉంటుందో చెప్పేవాళ్లు లేకపోతే ఆ పని సాగేదా? ఆ తర్వాత అదే మిషన్‌కు చెందిన ప్రిచెట్ కొత్త నిబంధన మొత్తం తెలుగులోకి తెచ్చారు, అది 1818లో మద్రాసులో అచ్చయింది. లండన్ మిషన్‌కే చెందిన జాన్ హే ఈ ఊళ్లోనే దశాబ్దాల పాటు ఉండి బైబిలు తెలుగును సరిచేస్తూ వచ్చారు. దొరల పేర్లు పుస్తకాలకెక్కాయి. ఆనందరాయర్ పేరు మన సండే స్కూలు పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఇది చిన్న లోపమని నేననుకోను. పురుషోత్తమ చౌధురి గారి కీర్తనలు శాఖాభేదం లేకుండా అన్ని తెలుగు చర్చిల్లోనూ పాడుకుంటున్నాం కదా, ఈయన్నీ అలాగే మనవాడిగా చెప్పుకోవాలి.

ఒక్క మనవి. పాత చర్చిల్లో బాప్తిస్మం, పెళ్లి, సమాధి రిజిస్టర్లు బీరువాల అడుగున పడి ఉంటాయి. మన సముద్రపు చెమ్మకు కాగితం ముక్కలవుతుంది, మిగిలింది చెదలు తింటాయి. ఇంటింటికీ వెళ్లి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీల పేర్లు, ఊళ్లలో బోధించిన ఉపదేశుల పేర్లు దొరికితే వాటిలోనే దొరకాలి. కమిటీవాళ్లు అనుమతిస్తే యూత్ పిల్లలు ఫోన్లతో ప్రతి పేజీ ఫొటో తీయండి. మీ ఇళ్లలో పాత గ్రూపు ఫొటోలుంటే, అందులో ఉన్నవాళ్లు ఎవరెవరో అమ్మమ్మ, తాతయ్యలను అడిగి వెనకాల పెన్సిల్‌తో రాయండి. ఈ నెలలోనే మొదలుపెట్టండి.