సీసాలో ఒక లెక్క, గాజు మీద ఇంకో లెక్క

నమస్కారం. ఈ సీసాలో ఉన్నది సిరా కాదు. ముదురు నీలంగా ఉంది, వంచితే కాస్త బద్ధకంగా జారుతోంది, అంతే పోలిక. ఇది కరెంటును మోసే ప్లాస్టిక్. పేరు పెడాట్ పీఎస్ఎస్, అంటే పెడాట్, పీఎస్ఎస్ అనే రెండు పదార్థాల జోడీ. నూటికి దాదాపు ఒక వంతే ఘనపదార్థం, మిగతాదంతా నీళ్లు.

షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్ ముగ్గురూ 1977లో పాలీఅసిటిలీన్ అనే ప్లాస్టిక్‌కు అయోడిన్ పట్టించి, ప్లాస్టిక్‌లోనూ కరెంటు పారుతుందని చూపించారు. 2000లో వారికి నోబెల్ వచ్చింది. కానీ ఆ పదార్థం దేనిలోనూ కరగదు, గాలి తగిలితే చెడిపోతుంది. పెడాట్ కూడా కరగని మొండిదే. దాన్ని నీటిలో తేల్చి ఉంచేది పీఎస్ఎస్ అనే మరో పాలిమర్, అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులున్న పదార్థం. అది నీరు పీల్చి ఉబ్బి, పెడాట్ గొలుసులను తనలో పొదువుకుంటుంది. చిక్కేమిటంటే, ఆరిన తర్వాత ఆ పొదువుకున్నదే కరెంటుకు అడ్డుగోడ.

ఇప్పుడు మీటరు కొనలు ఈ ద్రవంలో ముంచుతాను. చూశారా, కరెంటు పారుతోంది! సంబరపడకండి. పీఎస్ఎస్ ఒక ఆమ్లం. దాని నుంచి విడివడిన హైడ్రోజన్ అయాన్లు చేస్తున్న పని ఇది. ఉప్పునీళ్లలోనూ కరెంటు పారుతుంది కదా, ఆ బాపతే. పెడాట్ సత్తా తెలియాలంటే ద్రవాన్ని పొరగా పూసి ఆరబెట్టాల్సిందే.

ఈ రెండు గాజు పలకలు చూడండి. రెండింటి మీదా ఒకే ద్రవం, ఒకే లేత నీలం. మొదటిది ఉన్నది ఉన్నట్టు పూసింది. రెండోదానిలో పూతకు ముందు 5 శాతం డైమిథైల్ సల్ఫాక్సైడ్ అనే ద్రావకం కలిపాను. మామూలుగా మొదటి రకం పొర వాహకత, అంటే కరెంటును మోసే సత్తా, సెంటీమీటరుకు ఒక సీమెన్స్‌కు లోపే ఉంటుంది. రెండో రకానిది వందల్లోకి వెళ్తుంది. రాగిది దాదాపు 6 లక్షలు, దానితో పోటీ లేదు లెండి. అయినా కరెంటును మోయని ద్రావకం ఒకటి చుక్కలుగా కలిస్తే ఇంత తేడానా?

ఆ ద్రావకం మరుగు ఉష్ణోగ్రత 189 డిగ్రీలు. నీరు ముందే వెళ్లిపోతుంది, ఇది చివరి దాకా ఉంటుంది. ఆ వ్యవధిలో పెడాట్ గొలుసులు పీఎస్ఎస్ నుంచి కొంత విడివడి, చాపుకుని, ఒకదాని పక్కన ఒకటి సర్దుకుంటాయి. తర్వాత అదీ ఆవిరైపోతుంది, సర్దుబాటు మాత్రం మిగులుతుంది.

ఇదే కథను పాలీఅనిలిన్ అనే మరో కరెంటు మోసే ప్లాస్టిక్ ఇంకా స్పష్టంగా చెబుతుంది. కర్పూరం నుంచి చేసిన సల్ఫోనిక్ ఆమ్లం పట్టించిన పాలీఅనిలిన్‌ను క్లోరోఫామ్ అనే ద్రావకంలో కలిపితే గొలుసులు ఉండ చుట్టుకుంటాయి. మెటా క్రెసాల్ అనే ఇంకో ద్రావకంలోనైతే చాపుకుంటాయి. చాపుకున్న గొలుసు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, పక్కవాటికి తగులుతుంది, కాబట్టి ద్రవం చిక్కబడుతుంది. ఆరాక కరెంటుకు దారిచ్చేదీ ఆ సాగిన గొలుసే. అందుకే నా మటుకు, ఇలాంటి ద్రావణాల్లో ముందుగా చూడాల్సింది స్నిగ్ధత, అంటే ద్రవం ఎంత చిక్కగా ఉందన్నది. సీసాలో ముంచిన మీటరు చెప్పనిది అది చెబుతుంది.

పూత పూసేవారికి స్నిగ్ధతతో ఇంకో పని కూడా ఉంది. అచ్చు వేయడానికి చిక్కగా చేసిన ముద్ద, పలకతో లాగినప్పుడు పలచబడి జారాలి, వదలగానే గట్టిపడి గీత చెదరకుండా నిలవాలి. ఉబ్బిన కణాలు ఒత్తిడికి వరుసల్లోకి జరిగి, వదిలితే మళ్లీ అల్లుకోవడమే ఇందులో కిటుకు.

చివరగా, ఈ సీసాను గడ్డకట్టనివ్వకండి. నేనొకసారి ఫ్రీజర్‌లో మరిచిపోయాను. కరిగాక ఎంత కలిపినా అడుగున నీలం తరకలే.