గ్రాంప్స్‌లో వంశవృక్షం: బ్రిటనీ డ్యూక్ రెండో ఆర్థర్, ఆయన రెండు పెళ్లిళ్లు

నమస్తే అండీ. ఈ రోజు గ్రాంప్స్‌లో, అంటే వంశవృక్షాలు కట్టే సాఫ్ట్‌వేర్‌లో, ఒక వంశవృక్షం కడదాం. బ్రిటనీ డ్యూక్ రెండో ఆర్థర్‌ది. బ్రిటనీ అంటే బ్రిటన్ అనుకునేరు, కాదు. ఫ్రాన్స్‌కి పడమటి కొసన సముద్రంలోకి పొడుచుకొచ్చిన ముక్క ఉంది కదా, మ్యాప్‌లో ఇదిగో, ఇది. ఆర్థర్ కూడా కథల్లోని ఆ ఆర్థర్ కాదు. 1305 నుంచి 1312 దాకా ఇక్కడ ఏలిన అసలు మనిషి. ఈయన్నే ఎందుకు తీసుకున్నానంటే, పెళ్లిళ్లు రెండు, ఇంట్లో పేర్లేమో జాన్, జోన్, మళ్లీ జాన్. ఈ ఇల్లు ఎక్కించగలిగితే ఏ ఇల్లైనా ఎక్కించేస్తారు.

డౌన్‌లోడ్, ఇన్‌స్టాల్ మీరు చేసేసుకుంటారు, ఫ్రీనే. కొత్త ట్రీ, పేరు బ్రిటనీ, లోడ్. అయింది.

పీపుల్‌లోకి వెళ్లి ప్లస్ నొక్కండి. పేరు ఆర్థర్, టైటిల్ దగ్గర డ్యూక్. ఇంటిపేరు ఖాళీగా వదిలేయండి, వీళ్లకి మనలాగా ఇంటిపేరు లేదు. ఖాళీగా వదిలితే ఇంటిపేరు లేదని బ్రాకెట్లలో చూపిస్తుంది, చూశారా? నాకది చిరాకు. ప్రిఫరెన్సెస్‌లో ఆ మాట మార్చుకోవచ్చు, నేనైతే అక్కడ ఒక చుక్క పెట్టుకుంటాను. పుట్టిన తేదీ: కొన్ని పుస్తకాల్లో 1261, కొన్నింట్లో 1262. గ్రాంప్స్‌లో ‘బిట్వీన్ 1261 అండ్ 1262’ అని కొట్టేయచ్చు, తీసుకుంటుంది. ఈ ఒక్క సౌకర్యం కోసమే ఎక్సెల్ వదిలేసి దీంట్లోకి వచ్చాను. చనిపోయింది 1312 ఆగస్టు 27. ఓకే.

అమ్మానాన్నలు, గబగబా. నాన్న రెండో జాన్, అమ్మ బియాట్రిస్, ఇంగ్లండ్ రాజు మూడో హెన్రీ కూతురు. నాన్న మరణానికి ఈవెంట్ పెట్టండి: లియోన్, 1305. అక్కడ కొత్త పోప్ ఐదో క్లెమెంట్ పట్టాభిషేకం, ఊరేగింపు. చూడ్డానికి జనం ఎక్కిన గోడ కూలి ఈయన మీద పడింది. ఇలాంటివి డిస్క్రిప్షన్‌లో రాసుకోండి, రెండు మాటలు చాలు.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి, ఈ వీడియో మొత్తం ఈ స్టెప్ కోసమే. ఫ్యామిలీస్ ట్యాబ్. గ్రాంప్స్‌లో ఫ్యామిలీ అంటే ఇల్లు కాదు, ఒక జంట. ఒక్కో పెళ్లికి ఒక్కో ఫ్యామిలీ. ఆర్థర్‌కి రెండు పెళ్లిళ్లు, కాబట్టి రెండు.

మొదటిది: ఆర్థర్, ‘మరీ’ అనే ఆమె, లిమోజ్ సంస్థానానికి వారసురాలు. కొడుకులు ముగ్గురు: జాన్, గీ, పీటర్. ఈమె 1291లో పోయింది. ఓకే.

రెండోది. కొత్త ఫ్యామిలీ, తండ్రి గడిలోకి రండి. ఇక్కడ రెండు బొమ్మలున్నాయి. ఒకటి ప్లస్, పక్కనే ఇంకోటి, ఉన్న మనిషిని ఎంచుకునేది. చెయ్యి ప్లస్ మీదికే పోతుంది. పోనివ్వకండి! ప్లస్ నొక్కి ఆర్థర్ అని కొట్టారో, ఇంకో ఆర్థర్ పుడతాడు. రెండో పెళ్లి పిల్లలంతా ఆ కొత్త ఆర్థర్ కిందికి పోతారు. బయటికి అంతా సరిగ్గానే కనిపిస్తుంది, గ్రాఫ్ తీసినప్పుడే తెలుస్తుంది, అన్నదమ్ములు అసలు కలవరు. మళ్లీ చేసి చూపిస్తాను: ప్లస్ కాదు, పక్కది. లిస్టులో ఆర్థర్, ఓకే. ఒకవేళ ఇద్దరు ఆర్థర్లు వచ్చేసి ఉంటే, కంట్రోల్ పట్టుకుని ఇద్దర్నీ సెలెక్ట్ చేసి ఎడిట్‌లో మెర్జ్ కొట్టండి. ఏదీ డిలీట్ మాత్రం చేయకండి.

భార్య: ద్రూ వంశపు యోలాండ్. ఈమెకీ ఇది రెండో పెళ్లే. మొదటి భర్త స్కాట్లండ్ రాజు మూడో అలెగ్జాండర్. 1286లో ఒక తుఫాను రాత్రి ఈమె దగ్గరికే బయల్దేరి దారిలో గుర్రం మీంచి పడి పోయాడు. ఆ పెళ్లికి ఇంకో ఫ్యామిలీ వేయండి. ఆర్థర్‌తో పెళ్లి కొన్ని పుస్తకాల్లో 1292, కొన్నింట్లో 1294. పిల్లలు మోంఫోర్ జాన్, కొంతమంది కూతుళ్లు.

ఇద్దరు జాన్‌లు వచ్చేశారు కదా. నిక్‌నేమ్ గడి దీనికోసమే. మొదటి పెళ్లి జాన్‌కి ‘మూడో’, రెండో పెళ్లి జాన్‌కి ‘మోంఫోర్’.

ఈ మూడో జాన్‌కి సవతి తల్లి పిల్లలంటే గిట్టదు. డ్యూక్ కాగానే, నాన్న రెండో పెళ్లి చెల్లదనిపించాలని చూశాడు. కుదరలేదు. తను మూడు పెళ్లిళ్లు చేసుకున్నా పిల్లల్లేరు. తమ్ముడు గీ 1331లోనే పోయాడు, ఒక్క కూతురు, జోన్. 1341లో మూడో జాన్ పోగానే గద్దె ఎవరిది? సొంత తమ్ముడి కూతురిదా, సవతి తమ్ముడిదా?

రిపోర్ట్స్, గ్రాఫ్స్, రిలేషన్‌షిప్ గ్రాఫ్. రన్. ఇదిగో! ఎడమ చేతి వైపు గీ, గీ కింద జోన్. ఇటు మోంఫోర్. ఒక పక్క కూతురు వరస, ఇంకో పక్క బాబాయ్, మధ్యలో ఆర్థర్. ఇద్దరు ఆర్థర్లు పుట్టి ఉంటే ఈ గొడవే కనిపించేది కాదు.

జోన్ భర్త, బ్లువా చార్లెస్, ఫ్రాన్స్ రాజు ఆరో ఫిలిప్‌కి సొంత మేనల్లుడు. కాబట్టి ఫ్రాన్స్ జోన్ వైపు. మోంఫోర్ వైపు ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్. తమాషా ఏంటంటే, ఫిలిప్ గద్దె ఎక్కిందే ఆడవాళ్ల వరసని పక్కన పెట్టి. ఎడ్వర్డ్ ఫ్రాన్స్ నాదే అంటున్నదేమో తల్లి వరసన. ఇక్కడికొచ్చేసరికి ఇద్దరూ ఒకరి వాదన ఒకరు అందుకున్నారు! అలా ఇరవై ఏళ్లకి పైగా కొట్టుకున్నారు. 1345లో మోంఫోర్ పోయాడు, 1364లో ఓరే యుద్ధంలో చార్లెస్ పోయాడు, 1365లో గెరాండ్ ఒప్పందంతో మోంఫోర్ కొడుక్కి గద్దె దక్కింది. ఆయన పేరేమిటో చెప్పక్కర్లేదు. జాన్. ఎక్కించండి, నిక్‌నేమ్ మర్చిపోకండి.

సేవ్ బటన్ కోసం వెతక్కండి, లేదు, అదే సేవ్ అయిపోతూ ఉంటుంది. కానీ ఫ్యామిలీ ట్రీస్ మెనూలో మేక్ బ్యాకప్ ఉంది, రోజూ ఒకసారి కొట్టండి. ఫైల్ పేరులో తేదీ ఉండనివ్వండి, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ వేసుకోండి.