పంటు దాటి సూదివైద్యానికి: నాన్నగారితో ఒక రోజు

హాయ్ అండీ, అందరూ బాగున్నారా? అమెరికాలోని ఎడిసన్ నుంచి వచ్చి ఇవాళ్టికి పదకొండు రోజులు. పనసాకు బుట్టల్లో ఇడ్లీ వండే పొట్టిక్కబుట్టల వీడియోకి వచ్చినన్ని వ్యూస్ దీనికి రావని తెలుసు. కానీ పిన్నివాళ్లూ అత్తయ్యవాళ్లూ రోజూ ఫోన్ చేసి "నాన్నగారి చెయ్యి ఎలా ఉందే" అని అడుగుతుంటే, ఒక్కొక్కరికీ చెప్పలేక కెమెరా తీశాను.

ఇదిగో, ముక్తేశ్వరం రేవు. మనుషుల్నీ బళ్లనీ గోదావరి దాటించే పంటు ఇంకా అవతల కోటిపల్లిలోనే ఉంది. నాన్నగారు కారులో కూర్చోమంటే కూర్చోరు. కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని నీళ్లు చూస్తూ నిలబడ్డారు.

పక్షవాతం అక్టోబరులో వచ్చింది. పొద్దున్నే కాఫీ గ్లాసు జారిపోయి, మూతి కాస్త వంకర పోతే, రాత్రి ఏసీ గాలి తగిలిందనుకున్నారట. మెదడులో గడ్డని కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. వీళ్లు కాకినాడ చేరేసరికే ఆ టైము దాటిపోయింది. నాకైతే తొమ్మిదో రోజున చెప్పారు. అప్పటిదాకా వీడియో కాల్లో అమ్మ ఆయన్ని ఎడమ పక్క నుంచే చూపించింది, నాకు టెన్షన్ ఎందుకని. నేనేమో "నాన్నగారూ, నిద్ర సరిపోతున్నట్టు లేదు" అంటూ కబుర్లు చెప్పాను. సరే, అది వదిలేద్దాం, పంటు వచ్చేసింది.

పంటు మీద ఒకాయన పావురం రక్తం రాయమని సలహా ఇచ్చాడు. "ఆయ్, ముందు మీరా పావురాన్ని పట్టండి" అన్నారు నాన్నగారు. మాట మాత్రం పూర్తిగా వచ్చేసిందండీ, వెటకారంతో సహా.

రామచంద్రపురంలో ఆక్యుపంక్చర్, అదే సూదివైద్యం క్లినిక్. నవ్వొచ్చిన సంగతి ఇక్కడే ఉంది. అమెరికాలో నేను భుజం నొప్పికి ఆక్యుపంక్చర్ చేయించుకున్నాను. ముందు ఆరు పేజీల ఫారం. తర్వాత మసక లైటు, స్పీకర్లో వాగు పారుతున్న చప్పుడు. సూదులు గుచ్చి, తలుపు దగ్గరగా వేసి ఆవిడ వెళ్లిపోయింది. ముక్కు దురద పెడితే గోక్కోడానికి లేదు, పిలిస్తే పలికేవాళ్లు లేరు. అరగంటకి 95 డాలర్లు, మన లెక్కలో ఎనిమిది వేల పైచిలుకు. అక్కడ 65 దాటినవాళ్లకి గవర్నమెంటు ఇచ్చే మెడికేర్ ఉంటుంది కదా, అది కూడా 2020 నుంచి చాలాకాలంగా ఉన్న నడుంనొప్పికి మాత్రమే ఈ సూదుల ఖర్చు ఇస్తుంది. పక్షవాతానికి ఇవ్వదు.

ఇక్కడ 400 రూపాయలు. ఒకే హాల్లో ఐదు మంచాలు. పక్క మంచం మీదాయన తలనిండా సూదులతో పడుకుని వంద కౌంటు (కిలోకి వంద తూగే) రొయ్య ఎంత పలికిందో చెబుతున్నాడు. ఆయన కోడలు అప్పుడే మా అమ్మతో వరస కూడా కలిపేసింది. ఆ ఎడిసన్ గదిలో ఇలాంటి గోల ఉంటే నేను రెండోసారి కూడా వెళ్లేదాన్నేమో.

సూది పావు మిల్లీమీటరు లావుంటుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారని ముందే చెప్పాం, ప్రతి సూదీ కొత్త ప్యాకెట్టేనని నేను కళ్లారా చూశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో ఒకటి, దాని పేరు హెగు. మోచేతి మడత చివర ఒకటి, భుజం మీద ఒకటి. గుచ్చి కొంచెం తిప్పుతూ "బరువుగా ఉందాండీ?" అని అడుగుతారు. లాగినట్టో, బరువెక్కినట్టో అనిపించాలట. తర్వాత రెండు సూదులకి క్లిప్పులు తగిలించి సన్నగా కరెంటు పెట్టారు. నాన్నగారి చూపుడువేలు టక్ టక్ మని ఎగిరింది! అమ్మ దణ్ణం పెట్టేసింది.

"అది కరెంటు కదుపుతోందమ్మా, ఈయన కాదు" అన్నారు డాక్టరుగారు. ఆయన నాకు ఆ ఒక్క మాటతో నచ్చారు.

వైద్య అధ్యయనాలని కలిపి బేరీజు వేసే కొక్రేన్ అనే సంస్థ 2016లో పక్షవాతానికి ఆక్యుపంక్చర్ మీద వేసిన సమీక్షని మావారు అక్కణ్నుంచి పంపారు, అందులోనూ ఇలాంటి జాగ్రత్త మాటే ఉంది. 31 అధ్యయనాలు కలిపి చూశారట. కొంత మేలు ఉండొచ్చు గానీ, ఆ అధ్యయనాల నాణ్యత చాలక గట్టిగా చెప్పలేమని రాశారు. అందుకే సూదుల కోసమని ఫిజియోథెరపీ మానొద్దని నా గొడవ. చెయ్యి వాడితేనే చెయ్యి వస్తుంది.

ఇంటికొచ్చాక అదే పని. ఒక గిన్నెలోంచి ఇంకో గిన్నెలోకి నలభై చింతపిక్కలు, ఒక్కొక్కటీ కుడిచేత్తోనే తీసి వెయ్యాలి. నేను అరుగు మీద మీకు ఆక్యుపంక్చర్ గురించి చెబుతుంటే, వెనకాల నాన్నగారు "నలభై అయిపోయాయి" అన్నారు. అంత తొందరగానా అని మురిసిపోయాను కూడా.

రాత్రి ఎడిటింగ్‌లో చూస్తే, నా భుజం వెనకాల గిన్నె కనబడుతోంది. మొదటి ఆరు పిక్కలు కుడిచేత్తోనే వేశారు, ఒకటి జారిపోతే వంగి మళ్లీ తీశారు కూడా. ఏడో పిక్క నుంచీ ఎడంచెయ్యే. మధ్యలో ఒకసారి నా వైపు చూసి మరీ!

అమ్మకి చూపించాను. రేపట్నుంచి ఆ ఎడంచేతికి తువ్వాలు చుట్టి ముడేస్తానంది. ఫిజియో అబ్బాయి చెప్పింది కూడా అదేనండీ, బాగున్న చేతిని రోజూ కాసేపు కట్టేయమని.