పాటకీ ఆటకీ ఒకటే జత: బడ్జెట్‌లో ఓపెన్ బ్యాక్ ప్లానార్ హెడ్‌ఫోన్స్

[తెర మీద: బల్ల మీద నాలుగు హెడ్‌ఫోన్లు]

అందరికీ నమస్కారం. ఈ రోజు నాలుగు హెడ్‌ఫోన్ల గురించి మాట్లాడుకుందాం. హైఫైమ్యాన్ హెచ్‌ఈ400ఎస్‌ఈ, ఫియో ఎఫ్‌టీ1 ప్రో, హైఫైమ్యాన్ సందరా, హైఫైమ్యాన్ ఎడిషన్ ఎక్స్‌ఎస్. నాలుగూ ఓపెన్ బ్యాక్, అంటే కప్పు వెనక మూత లేనివి. నాలుగూ ప్లానార్, అంటే కోన్ బదులు పల్చటి ఫిల్మ్ కదిలేవి. అమెరికా రేట్లలో చూస్తే దాదాపు వంద డాలర్ల నుంచి మూడొందల డాలర్ల దాకా ఉంటాయి. మన దగ్గర కస్టమ్స్, జీఎస్టీ కలిసి రేటు ఎప్పటికప్పుడు మారుతుంది కాబట్టి కొనే రోజు చూసుకోండి.

రాత్రి రెండు గంటలు వాలరెంట్ లాంటి షూటింగ్ గేమ్ ఆడి, ఆ తర్వాత లైట్ ఆపేసి పాటలు వినేవాళ్ల కోసం ఈ వీడియో. రెండింటికీ వేర్వేరుగా కొనక్కర్లేదు. నా మాట ముందే చెప్పేస్తాను: చాలామందికి 400ఎస్‌ఈ, దానికి ఒక మంచి డాంగిల్ (ఫోన్‌కో కంప్యూటర్‌కో పెట్టి హెడ్‌ఫోన్ గుచ్చే చిన్న అడాప్టర్) చాలు. కానీ హెడ్‌ఫోన్ కంటే ముందు చూడాల్సింది మీ గది. అది ఎందుకో కాసేపట్లో చెబుతాను.

[తెర మీద: విప్పిన డ్రైవర్ దగ్గరి షాట్]

మామూలు హెడ్‌ఫోన్‌లో, అంటే డైనమిక్‌లో, చిన్న కోన్ ఉంటుంది, దానికి అతికించి ఒక తీగచుట్ట ఉంటుంది. కరెంట్ వెళ్తే చుట్ట కదిలి కోన్‌ని తోస్తుంది. అంటే తోపు ఒక్క రింగు దగ్గరే పడుతుంది, మిగతా కోన్ దాని వెంట కదలాలి. ప్లానార్‌లో చుట్టా లేదు, కోనూ లేదు. వెంట్రుక కంటే పల్చటి ఫిల్మ్, దాని మీద అచ్చు వేసినట్టు లోహపు గీతలు, ఎదురుగా వరుసగా అయస్కాంతాలు. కరెంట్ ఆ గీతల్లో నడుస్తుంది కాబట్టి ఫిల్మ్ అంతా ఒకేసారి కదులుతుంది. బరువు లేని ఫిల్మ్ కాబట్టి ఎంత త్వరగా కదులుతుందో అంత త్వరగా ఆగుతుంది కూడా.

ఇది కొత్త టెక్నాలజీ కాదు. యమహా 1976లోనే ఈ పద్ధతిలో హెచ్‌పీ-1 తెచ్చింది. జపాన్ కంపెనీ ఫోస్టెక్స్ టీ50 సిరీస్‌ని దశాబ్దాలుగా నడుపుతోంది. 2009 తర్వాత ఆడిజీ, హైఫైమ్యాన్ మళ్లీ దీనికి ఊపు తెచ్చాయి. అయితే అప్పట్లో ఆడిజీ ఎల్‌సీడీ-2 కొనాలంటే వెయ్యి డాలర్లకు దగ్గరగా పెట్టాల్సి వచ్చేది. వంద డాలర్లకు ప్లానార్ దొరుకుతుందంటే అప్పట్లో ఎవరూ నమ్మేవారు కాదు.

దీనివల్ల చెవికి ఏం తెలుస్తుంది? మృదంగంతో చెబుతాను. ఎడమ వైపు మూతకి కచేరీకి ముందు రవ్వ ముద్ద తడిపి అంటిస్తారు కదా, ఆ గంభీరమైన నాదం దాని వల్లే వస్తుంది. విద్వాంసుడు ఆ మూత మీద కొట్టి అరచేతి అంచుతో జరుపుతాడు, ధ్వని కింది నుంచి పైకి జారుతూ వస్తుంది. చవక డైనమిక్ హెడ్‌ఫోన్‌లో అది ఒక ‘ధుమ్’ మాత్రమే. మంచి ప్లానార్‌లో మొదట దెబ్బ, ఆ తర్వాత జారు, ఆ తర్వాత నాదం ఆగడం, మూడూ వేరువేరుగా వినిపిస్తాయి. దాని మీద తంబురా శ్రుతి మసకబారకుండా అలాగే నిలబడుతుంది. కిందిస్థాయి బాస్‌లో డిస్టార్షన్ (ధ్వని వంకర పోవడం) తక్కువగా ఉండటమే దీనికి ముఖ్య కారణం.

గేమ్‌లోనూ ఇదే గుణం పనికొస్తుంది. పక్కన గ్రెనేడ్ పేలుతున్నప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు దాని కింద కప్పబడిపోకూడదు కదా. పెద్ద శబ్దం త్వరగా తప్పుకుంటే చిన్న శబ్దానికి చోటు దొరుకుతుంది.

[తెర మీద: కప్పు వెనక జాలీ]

ఇక గది సంగతి. ఓపెన్ బ్యాక్ అంటే కప్పు వెనక జాలీ తప్ప మూత లేదు. ధ్వని వెనక్కి కూడా స్వేచ్ఛగా పోతుంది, లోపల గోడకి తగిలి తిరిగి రాదు. అందుకే శబ్దం తల లోపల ఇరుక్కున్నట్టు కాకుండా కాస్త బయట ఉన్నట్టు అనిపిస్తుంది. మన గొంతు మనకి మామూలుగా వినిపిస్తుంది కాబట్టి టీమ్‌తో మాట్లాడేటప్పుడు తెలియకుండా అరవం.

కానీ జాలీలోంచి బయటిది కూడా లోపలికి వస్తుంది. సీలింగ్ ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటే ఆ గాలి హోరు నేరుగా చెవిలోకి వస్తుంది. ప్లానార్‌లో మీరు డబ్బు పెట్టి కొనుక్కున్న సన్నటి వివరాలన్నీ ఆ హోరు కిందే పోతాయి. దాన్ని దాటాలని వాల్యూమ్ పెంచుతాం, గంటల తరబడి అలాగే ఆడతాం. పెద్దవాళ్లకి వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ దాకానే సురక్షితం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. చెవి దెబ్బతింటే మళ్లీ తిరిగి రాదు. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

ఇంకొకటి. మీరు వినేది పక్కవాళ్లకి కూడా వినిపిస్తుంది. ఒకే గదిలో అమ్మో తమ్ముడో పడుకుని ఉంటే మీ తుపాకుల మోత వాళ్ల నిద్ర చెడగొడుతుంది. హాస్టల్ గదికీ, ఆఫీసుకీ, రోడ్డు పక్క ఇంటికీ ఓపెన్ బ్యాక్ వద్దు. అలాంటి చోట ప్లానారే కావాలంటే ఆడిజీ మ్యాక్స్‌వెల్ ఉంది. అది క్లోజ్డ్ బ్యాక్, వైర్‌లెస్, మైక్ కూడా ఉంటుంది. బరువు మాత్రం 490 గ్రాములు. ఆ ఆడిజీనే 2023లో సోనీ కొనేసింది.

తలుపు వేసుకునే గది, రాత్రి పూట నిశ్శబ్దం, ఏసీయో లేదా ఫ్యాన్ రెండులోనో పెట్టుకునే వీలు ఉన్నవాళ్లు ముందుకి రండి.

[తెర మీద: ఫోన్, డాంగిల్, డెస్క్‌టాప్ యాంప్]

ప్లానార్ అనగానే చాలామందికి యాంప్ (హెడ్‌ఫోన్‌కి పవర్ పెంచి ఇచ్చే పరికరం) టెన్షన్. లెక్క వేసి చూద్దాం. 400ఎస్‌ఈ సెన్సిటివిటీ 91 డెసిబెల్స్. అంటే ఒక మిల్లీవాట్ ఇస్తే 91 వస్తుంది. పది రెట్లు పవర్ ఇస్తే పది డెసిబెల్స్ పెరుగుతాయి. పాటలో వచ్చే పెద్ద దెబ్బలకి 110 దాకా వెళ్లాలంటే దాదాపు 80 మిల్లీవాట్లు కావాలి. ఇప్పుడు ఒక వోల్ట్ ఇచ్చే మామూలు డాంగిల్ తీసుకోండి. దాంతో 400ఎస్‌ఈ అయినా, 94 డెసిబెల్స్ సందరా అయినా, 92 డెసిబెల్స్, 18 ఓమ్స్ (కరెంట్‌కి ఎదురయ్యే అడ్డు) ఉన్న ఎడిషన్ ఎక్స్‌ఎస్ అయినా 106 నుంచి 109 మధ్యే ఆగుతాయి. మామూలుగా వినడానికి ఇది సరిపోతుంది. పెద్ద ఆర్కెస్ట్రా, తక్కువ శబ్దంతో రికార్డ్ చేసిన కచేరీ, లేదా ఈక్వలైజర్‌లో (ధ్వని స్థాయిలని విడివిడిగా సర్దుకునే యాప్) బాస్ పెంచుకునే అలవాటు ఉంటే ఇంకొంచెం కావాలి. రెండు వోల్ట్‌లు ఇచ్చే డాంగిల్ తీసుకుంటే ఇంకో ఆరు డెసిబెల్స్ వస్తాయి, అక్కడితో సమస్య తీరిపోతుంది. హెడ్‌ఫోన్ కంటే ఖరీదైన యాంప్ కొనాల్సిన అవసరం అస్సలు లేదు.

ఎడిషన్ ఎక్స్‌ఎస్ ఓమ్స్ తక్కువ కాబట్టి కరెంట్ ఎక్కువ లాగుతుంది. బలహీనమైన డాంగిల్ అయితే అక్కడ తేలిపోతుంది. ఆపిల్ డాంగిల్ చవకే, మంచిదే, కానీ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ బాగా తగ్గిపోతుంది, అది గుర్తుపెట్టుకోండి. పీఎస్5కి యూఎస్‌బీ డాక్ (డిజిటల్ సంకేతాన్ని హెడ్‌ఫోన్‌కి పనికొచ్చేలా మార్చే పరికరం) పెట్టాలనుకుంటే దానిలో యూఏసీ 1.0 (పాత యూఎస్‌బీ ఆడియో పద్ధతి) మోడ్ ఉందో లేదో చూసి తీసుకోండి.

[తెర మీద: హెచ్‌ఈ400ఎస్‌ఈ]

ఇప్పుడు ఒక్కొక్కటి. 400ఎస్‌ఈ 2021లో 149 డాలర్లకు వచ్చింది, తర్వాత 109కి దిగింది. బరువు 390 గ్రాములు. అయస్కాంతాల అంచులని గుండ్రంగా చేసి ధ్వని తరంగం చెదరకుండా దాటేలా చేశారు. దీన్నే కంపెనీ స్టెల్త్ మ్యాగ్నెట్స్ అంటుంది. ఇంతకుముందు ఖరీదైన మోడళ్లలోనే ఉండేది.

గొంతు, వీణ, గిటార్, ఇవన్నీ దీనిలో చక్కగా ఉంటాయి. బాస్ శుభ్రంగా ఉంటుంది కానీ గుండెల్లో దద్దరిల్లదు. కొత్త సినిమాల్లోని మాస్ బీట్‌కి అలవాటు పడిన చెవికి మొదట్లో చప్పగా అనిపిస్తుంది. ఒకటి రెండు కిలోహెర్ట్జ్ మధ్య కాస్త లోతు ఉంది, దానివల్ల గొంతు అడుగు వెనక నిలబడి పాడినట్టు ఉంటుంది. గేమ్‌లో ఈ ట్యూనింగే మేలు చేస్తుంది. బాస్ మీద పడదు కాబట్టి అడుగులు, రీలోడ్ చప్పుడు, తలుపు తీసిన శబ్దం విడిగా దొరుకుతాయి. డబ్బాలో వచ్చే కేబుల్ మాత్రం పొట్టి. సీపీయూ బల్ల కింద ఉంటే పొడవాటి కేబుల్ కొనుక్కోవాల్సిందే.

[తెర మీద: ఎఫ్‌టీ1 ప్రో]

ఫియో ఎఫ్‌టీ1 ప్రో 2024లో వచ్చింది, రెండొందల డాలర్ల దగ్గర. కొనేటప్పుడు పేరు జాగ్రత్తగా చదవండి. ‘ప్రో’ లేని ఎఫ్‌టీ1 పూర్తిగా వేరే హెడ్‌ఫోన్. అది చెక్క కప్పుల క్లోజ్డ్ బ్యాక్, దానిలో ఉన్నది డైనమిక్ డ్రైవర్. ప్రో మాత్రమే ప్లానార్. దీనిలో బాస్ 400ఎస్‌ఈ కంటే నిండుగా, కిందిదాకా ఉంటుంది. పైస్థాయి పదును తక్కువ కాబట్టి ఎక్కువసేపు విన్నా చెవి అలసిపోదు. కథ ఉన్న సింగిల్ ప్లేయర్ గేములు ఆడుతూ, మిగతా సమయంలో సినిమా పాటలు వినేవాళ్లు ఈక్వలైజర్ జోలికి వెళ్లకుండా వాడుకోవాలంటే ఇదే తీసుకోమంటాను.

సందరా 499 డాలర్లతో మొదలై తర్వాత బాగా దిగింది. 400ఎస్‌ఈకి పెద్దక్క అనుకోండి. అదే స్వభావం, పైన ఇంకొంచెం వెలుగు, ఇంకొంచెం వివరం. కర్ణాటక సంగీతం, గజల్స్, తక్కువ వాయిద్యాలతో చేసిన రికార్డింగులు ఎక్కువ వింటే దీనికి పెట్టిన డబ్బు వినబడుతుంది. కేవలం గేమ్ కోసమైతే 400ఎస్‌ఈ నుంచి దీనికి మారినందువల్ల మీ ర్యాంక్ పెరగదు.

[తెర మీద: ఎడిషన్ ఎక్స్‌ఎస్ పెద్ద కప్పు]

ఎడిషన్ ఎక్స్‌ఎస్ అంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద కప్పులు, చెవి చుట్టూ బోలెడు ఖాళీ. ధ్వని పెద్దగా, ఎత్తుగా వస్తుంది. వానలో గుర్రం మీద వెళ్లే ఓపెన్ వరల్డ్ గేములు దీనిలో ఆడితే తీయబుద్ధి కాదు. సబ్ బాస్ (అట్టడుగు బాస్) కూడా చివరిదాకా దిగుతుంది. కానీ ఆ పెద్దరికమే కాంపిటీటివ్ షూటర్‌లో కొంచెం అడ్డం. శత్రువు ఎడమ పక్క అని తెలుస్తుంది, ఎడమలో సరిగ్గా ఎక్కడ అనేది 400ఎస్‌ఈలోనే కచ్చితంగా దొరుకుతుంది అని నా అభిప్రాయం. 405 గ్రాముల బరువు, కప్పులు పక్కకి తిరగవు. చిన్న తల ఉన్నవాళ్లు, కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు ఒకసారి పెట్టి చూశాకే కొనండి. బరువు అసలే పడనివాళ్లకి ప్లానార్ వద్దు. సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్ 240 గ్రాములే, డైనమిక్ అయినా గేమ్‌కి చాలా మంచిది.

[తెర మీద: గేమ్ ఆడియో సెట్టింగ్స్]

సెట్టింగ్స్‌లో ఎక్కువమంది ఒక దగ్గర దెబ్బతింటున్నారు. వాలరెంట్‌లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అనే ఆప్షన్ ఉంది. శబ్దం ఏ దిక్కు నుంచి వస్తే మన రెండు చెవులకీ ఎలా చేరుతుందో లెక్క వేసి, రెండు ఛానళ్లలోనే దిక్కు తెలిసేలా చేస్తుంది. అది ఆన్ చేశాక విండోస్ సోనిక్, 7.1 లాంటి సరౌండ్ ఆప్షన్లన్నీ ఆఫ్ చేసేయండి. రెండూ కలిస్తే ముందు, వెనక తేడా పోతుంది. పీఎస్5లో టెంపెస్ట్ త్రీడీ ఆడియో ఏ హెడ్‌ఫోన్‌తో అయినా పనిచేస్తుంది. కాబట్టి డబ్బా మీద ‘7.1 గేమింగ్’ అని రాసి ఉన్నంత మాత్రాన అదనంగా డబ్బు పెట్టకండి.

ఈ నాలుగింటికీ మైక్ లేదు. ఒక చిన్న యూఎస్‌బీ మైక్ లేదా హెడ్‌ఫోన్‌కి అతికించుకునే మైక్ తీసుకోవాలి. హైఫైమ్యాన్‌లో రెండు కప్పులకీ విడివిడిగా కేబుల్ పెట్టాలి, కాబట్టి ఒకే రంధ్రంలో దూర్చే బూమ్ మైకులు వీటికి పనికిరావు. మైక్‌ని నోటికి దగ్గరగా పెట్టుకోండి, లేకపోతే జాలీలోంచి వచ్చే గేమ్ శబ్దం టీమ్ అందరికీ వినిపిస్తుంది.

బాస్ చాలదు అనిపిస్తే కంప్యూటర్‌లో ఈక్వలైజర్ ఏపీఓ, ఆండ్రాయిడ్‌లో వేవ్‌లెట్ ఉన్నాయి. రెండూ ఉచితంగానే దొరుకుతాయి. వంద హెర్ట్జ్ కింద నాలుగైదు డెసిబెల్స్ పెంచండి, పెంచినంత ప్రీఆంప్ (యాప్‌లోని మొత్తం వాల్యూమ్) తగ్గించండి. డిస్టార్షన్ తక్కువ కాబట్టి ప్లానార్ ఆ పెంపుని హాయిగా తట్టుకుంటుంది. చవక డైనమిక్‌లో ఇంతే పెంచితే గొంతు కూడా బురదగా మారుతుంది.

అమెరికాలో ఉన్న అన్నయ్యతోనో బావతోనో తెప్పించుకునేవాళ్లు వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందే కనుక్కోండి. ఎక్కడ కొన్నా రిటర్న్ గడువు లోపలే ఒక పరీక్ష చేయండి. 20 హెర్ట్జ్ నుంచి పైకి వెళ్లే టోన్ స్వీప్ పెట్టి, తక్కువ వాల్యూమ్‌లో వినండి. ఎక్కడైనా గరగర వచ్చినా, శబ్దం మధ్యలో నుంచి ఒక పక్కకి జరిగినా వెంటనే వెనక్కి ఇచ్చేయండి. కప్పుని చెవికి గట్టిగా నొక్కినప్పుడు చిన్న ‘టిక్’ వస్తే కంగారు పడకండి, గాలి ఒత్తిడికి ఫిల్మ్ వంగిన చప్పుడు అది, పాడైనట్టు కాదు. వాడనప్పుడు గుడ్డ సంచిలో పెట్టండి. జాలీ మీద దుమ్ము పడితే మెత్తటి బ్రష్‌తో తుడవండి, నోటితో గానీ బ్లోయర్‌తో గానీ గట్టిగా ఊదకండి.