మేస్త్రీ పేరు కూడా రాయండి

పెద్దలకు, పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి, స్త్రీల సమాజం అక్కచెల్లెళ్లకు, వెనక బెంచీల్లో కూర్చున్న యూత్ పిల్లలకు, అందరికీ వందనాలు. వచ్చే నెల అమెరికా నుంచి పిల్లలు వస్తున్నారు, మన చర్చి హాలు కట్టడానికి సాయం చేస్తారు, స్వాగతం గురించి రెండు మాటలు చెప్పమ్మా అన్నారు అయ్యగారు. దండలు, భోజనాలు, కోలాటం మీరంతా బాగానే చూసుకుంటారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది. అది చెప్పే కూర్చుంటాను.

నేను ఇటుకలు మోసినదాన్ని. మా ఆయన తాపీ మేస్త్రీ. సింగరాయకొండ అవతల ఒక ఊళ్లో, పేరు చెప్పను, ఇట్లాగే బయటి దేశం నుంచి పదహారు, పదిహేడేళ్ల పిల్లలు వచ్చి గుడి పనిలో దిగారు. మంచి పిల్లలు, ఆ మాట ముందే చెప్తున్నాను. ఒక అమ్మాయి తట్ట నెత్తికెత్తమని పట్టుబడితే, పాత చీర ముక్కతో చుట్టకుదురు చేసి పెట్టి నాలుగంటే నాలుగే ఇటుకలు ఎత్తాను. మెడ నిలవలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా దించమనలేదు. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, వేళ్ల మొదట్లో కాయలు కాచినచోట నొక్కి నొక్కి చూసింది. ఒకరి మాట ఒకరికి రాదు. ఇద్దరం అలాగే కూర్చున్నాం.

మరి బాధ ఎక్కడంటే, ఆ పిల్లలున్నన్ని రోజులు మా కూలీల్లో సగం మందిని రావద్దన్నారు. పని ఆ పిల్లలే చేస్తున్నారుగా, కూలి డబ్బులు మిగులుతాయని లెక్క. ఎండాకాలం పొలం పనులుండవు, మాకు ఆ కూలే తిండి. సముద్రాలు దాటొచ్చిన పిల్లలకి ఈ సంగతి ఎవరు చెప్తారు? తెలిసుంటే ఆ అమ్మాయి తట్ట ముట్టుకునేది కాదు, నాకు తెలుసు.

మా ఆయన వాళ్లకి తాపీ పట్టడం నేర్పాడు. ఇటుక నానబెట్టకుండా పెడితే మాలులో నీళ్లన్నీ లాగేస్తుంది, గోడ పట్టు రాదు అని ఒక్కో ఇటుకా బొక్కెనలో ముంచి చూపించాడు. సిమెంటు మాలు కలిపిన అరగంటలో వాడేయాలి. పిల్లలు ఫొటోలు దిగుతుంటే అది గట్టిపడేది, పారబోసి మళ్లీ కలిపించేవాడు, విసుక్కోకుండా. వాళ్లు వెళ్లేలోపే ప్రతిష్ఠ కావాలని తొందర. శ్లాబు కింద కట్టిన సెంట్రింగ్ కూడా విప్పలేదు, శిలాఫలకం తెచ్చారు. ముందురోజు సాయంత్రం ఆ రాయి గోడలో బిగించింది మా ఆయనే. ఆయనకి చదువు రాదు. ఏం రాశారు చదువు అన్నాడు. దాతల పేర్లు, వాళ్ల ఊరి పేరు, పాస్టరుగారు, కమిటీ అందరూ ఉన్నారు. నీ పేరు లేదయ్యా అన్నాను. సరేలే అని, శ్లాబు మీద నీళ్లు చూడ్డానికి నిచ్చెనెక్కాడు.

పని చేసినవాళ్ల పేర్లు మరిచిపోవడం ఇవాళ పుట్టిన జబ్బు కాదు. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికా మిషనరీ క్లౌ దొరగారి సంగతి మీరు వినే ఉంటారు. ధాత కరువు, 1876-78 నాటిది, జనం ఆకలికి రాలిపోతుంటే ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని మనవాళ్లకి పని చూపించాడు, కూలి ఇచ్చాడు. కూటి కోసం సంఘంలో కలిశారనే మాట రాకూడదని ఆ పని నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేశాడు. చూడండి, పని వేరు, కూలి వేరు, విశ్వాసం వేరు, అంత స్పష్టంగా ఉంది ఆయనకి. తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది. ఆ రోజు నీళ్లలో నిలబడి బాప్తిస్మాలు ఇచ్చింది ఎవరు? మన తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు వంతులేసుకుని. వాళ్ల పేర్లు ఇక్కడ ఎంతమందికి తెలుసు? చెయ్యెత్తండి. చూశారా.

యూత్ పిల్లలూ, ఇంకో మాట. పరాయి దేశం వెళ్లి సేవ చేయడం తెల్లవాళ్లకే రాసిపెట్టలేదు. 1903లో మన నెల్లూరు నుంచి జాన్ రంగయ్యగారు భార్యతో కలిసి దక్షిణాఫ్రికా నాటాల్ వెళ్లారు. అక్కడ తోటల్లో కూలికి పోయిన మన తెలుగువాళ్ల మధ్య ఉండడానికి. పంపింది తెలుగు సంఘాలే. కాబట్టి వచ్చే పిల్లల్ని నోరెళ్లబెట్టి చూడకండి. పక్కన నిలబడి పనిచేయండి.

కమిటీ పెద్దలు నన్ను తప్పుగా అనుకోవద్దు. వాళ్లు రావాలి, తప్పకుండా రావాలి. కానీ వాళ్లొచ్చారని ఒక్క కూలిని కూడా మానిపించడానికి వీల్లేదు. పనిలో మేస్త్రీ మాటే మాట, దొరబిడ్డలైనా ఆయన చెప్పినట్టు వినాలి. పద్దెనిమిది నిండని ఏ పిల్లనీ, మనవాళ్లనైనా సరే, సెంట్రింగ్ ఎక్కించొద్దు. మన పిల్లల్ని వరసలో నిలబెట్టి జాలి ఫొటోలు తీయించొద్దు. ఇక రాతి మీద మేస్త్రీ పేరు, మొయ్యేవాళ్ల పేర్లు చెక్కాలి, ఆడవాళ్లవి కూడా. రాయి సరిపోకపోతే పెద్ద రాయి తెప్పించండి, ఆ ఖర్చు మా స్త్రీల సమాజం పెట్టుకుంటుంది. ఏమ్మా, పెట్టుకుందామా? అదిగో, విన్నారుగా. తలలూపితే చాలదు అన్నా, మినిట్స్ పుస్తకంలో ఈ పూటే రాయండి.

శ్లాబు వేసేనాటికి ఆ పిల్లలు విమానం ఎక్కేసుంటారు. ఈ ఎండలకి మడులు కట్టి నీళ్లు నిలిపి, పది పద్నాలుగు రోజులన్నా తడి ఆరకుండా చూడాలి. యూత్ పిల్లలూ, అది మీ పని. పొద్దున ఎవరు, సాయంత్రం ఎవరు, మీటింగ్ అవగానే నా దగ్గరికొచ్చి పేర్లివ్వండి. మోటారు తాళం అమ్మగారి దగ్గర ఉంటుంది.